‘భూమిలోంచి తవ్వి తీస్తావా నాయనా?’

రాత్రి కుండపోత వాన. దారి తప్పిన బండి పక్కకు ఒరిగి, అందులోని పెద్దమనిషి బురదలో పడ్డాడు. కుక్కల అరుపులు వినిపించిన వైపు వెళ్ళి, ఎవరిదో తెలియని ఇంటి తలుపు తట్టాడు. ఆ ఇల్లు ఒక వితంతువుది, పేరు కరోబొచ్క. రష్యన్‌లో ఆ మాటకు చిన్న పెట్టె అని అర్థం, మన బరిణె లాంటిది. మర్నాడు పొద్దున టీ తాగుతూ అతిథి అసలు సంగతి ఎత్తాడు. మీ రైతుల్లో ఈ మధ్య చనిపోయినవాళ్ళు ఎంతమంది, వాళ్ళను నాకు అమ్ముతారా అని. ముసలావిడ గుడ్లప్పగించి చూసింది. ‘అదేమిటి నాయనా, భూమిలోంచి తవ్వి తీస్తావా ఏమిటి?’ అంది.

నికొలాయ్ గోగోల్ 1842లో అచ్చువేసిన ‘మృతజీవులు’ చదివినవాళ్ళందరూ ఇక్కడ నవ్వుతారు. చీచికవ్ అనే ఆ అతిథి అయితే చెమటలు కక్కుతూ, ఎంత మొద్దుబుర్ర అని ఆమెను మనసులో తిట్టుకుంటాడు. మొదటిసారి చదివినప్పుడు నేనూ అతని పక్షమే. రెండోసారి మాత్రం, ఈ పుస్తకం మొత్తంలో అడగవలసిన ప్రశ్న అడిగింది ఈవిడ ఒక్కతే అనిపించింది. ఇంతకీ నువ్వు కొంటున్నది ఏమిటి? శవాన్నా, మనిషినా, పేరునా? దీనికి జవాబు కథలో కంటే ముందు రష్యన్ సర్కారు పన్నుల లెక్కల్లో వెతకాలి. అది తెలియకుండా చదివితే ఈ నవల వింత మనుషుల ప్రదర్శనలా కనిపిస్తుంది. తెలిసి చదివితే వింత ఉన్నది మనుషుల్లో కాదు, కాగితంలో అని అర్థమవుతుంది.

ముందు మాట సంగతి. రష్యన్‌లో ‘దుషా’ అంటే ఆత్మ. భూస్వామి కింద ఉన్న మగ రైతులను లెక్కపెట్టడానికి కూడా అదే మాట. ఈ రైతులు భూదాసులు. భూమిని విడిచి పోవడానికి వీల్లేదు, యజమాని వాళ్ళను అమ్మవచ్చు, తాకట్టు పెట్టవచ్చు. ఒక భూస్వామి ఆస్తి ఎంత అని ఎవరైనా అడిగితే జవాబు ఎకరాల్లో రాదు. మూడు వందల ఆత్మలు, వెయ్యి ఆత్మలు అని వస్తుంది. మనకు ఇది మరీ కొత్తేమీ కాదు. ‘ఆయన మీద ఆరు ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి’ అంటాం. తలసరి ఆదాయం అంటాం. మనిషిని, మూటను ఒకే మాటతో లెక్కపెట్టాలంటే శాల్తీ అనే మాట ఉండనే ఉంది.

కొడవటిగంటి కుటుంబరావు ఈ నవలను ‘మృతజీవులు’ పేరుతో తెలుగు చేశారు. జీవి అన్న మాటలోనే బతుకు ఉంది కాబట్టి, మృతజీవి అనగానే ఆ మాట తనను తానే కాదనుకుంటుంది. రష్యన్ పేరులో ఉన్న తిరకాసు చాలావరకు అందులో దొరికింది. దొరకనిది ఒక్కటే, కచేరీ కాగితం వాసన. ఏ కరణమూ తన చిట్టాలో ‘జీవులు ఇరవై’ అని రాయడు. రష్యన్ గుమాస్తా మాత్రం ‘ఆత్మలు ఇరవై’ అని రోజూ రాసేవాడు.

ఆ రాత ఎక్కడ మొదలైంది? పీటర్ చక్రవర్తికి సైన్యాన్ని పోషించడానికి డబ్బు కావలసి వచ్చింది. ఇంటిపన్ను వేస్తే జనం రెండు మూడు కుటుంబాలు ఒకే ఇంట్లో సర్దుకుని తప్పించుకుంటున్నారు. అందుకని మగవాళ్ళ తలలు లెక్కించమని 1718లో ఉత్తర్వు ఇచ్చాడు. 1724 నుంచి తలపన్ను వసూలు మొదలైంది, మొదట తలకు 74 కపెకులు (రూబులుకు నూరు కపెకులు), వెంటనే 70. పసివాడైనా పండుముసలి అయినా మగవాడైతే ఒక ఆత్మ. ఆడవాళ్ళకు ఈ పన్ను లేదు. భూదాసుల పన్ను సర్కారుకు చేరేలా చూడవలసిన పూచీ భూస్వామిది.

ఈ తలల లెక్కను ‘రివీజియా’ అనేవారు. 1719 నుంచి 1858 దాకా మొత్తం పది జరిగాయి. ఏడోది 1815లో మొదలైతే ఎనిమిదోది 1833లో. అంటే మధ్యలో 18 ఏళ్ళు. ఈ లోపల ఎందరు పుట్టినా, ఎందరు పోయినా సర్కారు దృష్టిలో జాబితా కదలదు. పోయినవాడి పన్ను కూడా తర్వాతి లెక్క వచ్చేదాకా కట్టాల్సిందే. చనిపోయాడు, పాతిపెట్టారు, ఏడ్చారు, మరిచిపోయారు. కాగితం మీద మాత్రం పన్ను కడుతూనే ఉన్నాడు. భూస్వామి సర్కారుకు ఇచ్చే ఈ జాబితా పేరు ‘రివిజ్‌స్కయ స్కాజ్కా’. స్కాజ్కా అంటే పాత వాడుకలో వాంగ్మూలం. ఇప్పుడు ఆ మాటకు ఉన్న అర్థం కట్టుకథ. గోగోల్ కల్పించిన చమత్కారం కాదిది, భాష తనంతట తాను చేసింది.

చీచికవ్ ఒకప్పుడు చిన్న ఉద్యోగి. లంచం తిని, సుంకాల శాఖలో స్మగ్లర్లతో చేతులు కలిపి, రెండుసార్లు ఎదిగి రెండుసార్లు పడ్డాడు. చివరికి ఎవరి తరఫునో తాకట్టు వ్యవహారాలు నడిపే ప్రతినిధిగా బతుకుతున్నాడు. ఆ పనిలో ఒకరోజు రైతులను తాకట్టు పెట్టడానికి వెళ్ళి, వీళ్ళలో సగం మంది చచ్చిపోయారు, తర్వాత పేచీ రాదు కదా అని అక్కడి కార్యదర్శిని అడిగాడు. జాబితాలో పేర్లు ఉన్నాయి కదా అన్నాడు కార్యదర్శి. ఉన్నాయి. మరి భయమెందుకు, ఒకడు పోతే ఇంకొకడు పుడతాడు, అందరూ లెక్కకు పనికొస్తారు అన్నాడు.

చీచికవ్ బుర్రలో దీపం వెలిగింది అక్కడే. పథకం చాలా తేలిక. కొత్త లెక్క రాకముందే చనిపోయినవాళ్ళను కొనాలి. భూస్వాములు సంతోషంగా ఇస్తారు, ఎందుకంటే ఆ పేర్లకు కడుతున్న పన్ను వాళ్ళకు వదులుతుంది. చేతిలో వెయ్యి పేర్లు ఉంటే వాటిని సంరక్షక మండలిలో తాకట్టు పెట్టవచ్చు. ఆత్మకు 200 రూబుళ్ళ చొప్పున ఇస్తే 2 లక్షలు. పైగా ఈ మధ్యే అంటురోగం వచ్చింది, దేవుడి దయవల్ల జనం బాగానే పోయారు అని అతను లెక్క వేసుకుంటాడు. ‘దేవుడి దయవల్ల’ అన్నది నా మాట కాదు, అతనిదే. 1830, 31 సంవత్సరాల్లో రష్యాను కలరా ఊడ్చేసింది. ఆనాటి పాఠకుడికి ఈ వాక్యం దగ్గర నవ్వు రావడం అంత తేలిక కాదు.

ఒక చిక్కు ఉంది. భూమి లేకుండా రైతులను కొనడానికీ తాకట్టు పెట్టడానికీ వీల్లేదు. దానికీ మార్గం దొరికింది. దక్షిణాన ఖెర్సోన్, తావ్రిదా రాష్ట్రాల్లో జనం లేక భూములు ఊరికే ఇస్తున్నారు, వెళ్ళి నివసిస్తే చాలు. కాబట్టి తరలించి స్థిరపరచడానికి కొంటున్నానని రాస్తే సరిపోతుంది. చచ్చినవాళ్ళు ఖెర్సోన్‌కు కాపురం వెళ్తారు!

అప్పు ఇచ్చే మండలి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆ మాటను చదివి దాటేస్తారు. అది మామూలు బ్యాంకు కాదు. రెండో కేథరీన్ కాలంలో తల్లిదండ్రులు వదిలేసిన పిల్లల కోసం పెట్టిన అనాథ శరణాలయాలను నడిపే మండలి. వాటి ఖర్చుకు ఆదాయం రావాలని 1772లో దానికి ఖజానాలు ఏర్పరచి, డిపాజిట్లు తీసుకుని అప్పులివ్వడానికి అనుమతించారు. అంటే చీచికవ్ కన్నం వేయబోతున్నది అనాథల పెట్టెకు. అతని కంటే ముందే గొప్ప ఇళ్ళవాళ్ళు అదే పెట్టె దగ్గర వరసలో నిలబడి ఉన్నారు. 1859 నాటికి దేశంలోని భూదాసుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది ప్రభుత్వ రుణసంస్థల దగ్గర తాకట్టులో ఉన్నారు. ఆ అప్పులతో గుర్రపు బళ్ళు కొన్నారు, పారిస్ వెళ్ళారు, విందులు చేశారు. బతికున్నవాళ్ళను తాకట్టు పెట్టి తిరిగి తీర్చని పెద్దలకూ, చచ్చినవాళ్ళను తాకట్టు పెట్టాలనుకున్న చీచికవ్‌కూ తేడా ఎంత? నాకు కనిపించినంతవరకు, నాడి కొట్టుకోవడం దగ్గరే.

ఇక్కడ నేరం ఏది అని అడిగితే చెప్పడం కష్టం. అమ్మేవాడు ఇష్టపడే అమ్ముతున్నాడు. దస్తావేజు సక్రమంగా రాయిస్తారు, సాక్షులు సంతకాలు పెడతారు, రుసుము చెల్లిస్తారు. సర్కారుకు ఇందులో నష్టమేమీ లేదు, పైగా రుసుము లాభం అని చీచికవ్ మనీలవ్ అనే భూస్వామికి నచ్చజెబుతాడు కూడా. పుస్తకం తెరిచినప్పటి నుంచి మూసేదాకా అతను తాకట్టు పెట్టనేలేదు. కొనడం దగ్గరే కథ ఆగిపోతుంది. దొంగతనం జరగకుండానే ఊరంతా దొంగను చూసినట్టు బెదిరిపోతుంది.

అమ్మినవాళ్ళలో మనీలవ్ మర్యాదకే పుట్టినవాడు. చచ్చినవాళ్ళను ఊరికే ఇచ్చి, దస్తావేజు ఖర్చు కూడా తానే పెట్టుకుని, జాబితాను చుట్టి గులాబీరంగు రిబ్బను కట్టి తెచ్చి ఇచ్చాడు. నొజ్‌ద్ర్యోవ్ అమ్మనన్నాడు, కావాలంటే పందెం ఆడమన్నాడు, ఆటలో మోసం చేసి చివరికి అతిథిని కొట్టించబోయాడు. అతనికీ చీచికవ్‌కూ బేరం కుదరలేదు. వీళ్ళిద్దరి దగ్గర నవ్వు ఎక్కువ, సరుకు తక్కువ.

కరోబొచ్క అలా కాదు. తేనె అమ్మింది, జనపనార అమ్మింది, చచ్చినవాళ్ళను అమ్మడం మాత్రం ఇదే మొదలు. ధర తెలియదు. తొందరపడితే మోసపోతానేమో, వ్యాపారులు వచ్చేదాకా ఆగితే మేలేమో. ఇంకో భయం, ఇంటి పనికి ఎప్పుడైనా అవసరపడతారేమో! రాత్రిళ్ళు మీ తోటలో పిచ్చుకలను తోలడానికా అని చీచికవ్ అరిచాడు. చివరికి 18 మందికి కలిపి 15 రూబుళ్ళకు బేరం కుదిరింది. ఆమెను తెలివితక్కువది అనడం సులువు. కానీ ఆమె తర్కంలో లోపం ఎక్కడుంది? నిన్నటిదాకా మనుషులను తేనెతో పాటు అమ్మిన ఇంట్లో, చచ్చిన మనిషికి మాత్రం ధర ఎందుకు ఉండకూడదు?

సబకేవిచ్ దగ్గరకు వచ్చేసరికి గోగోల్ కలం వాడి రెట్టింపయింది. ఎలుగుబంటి లాంటి మనిషి. చచ్చినవాళ్ళా అని ఆశ్చర్యపోలేదు, తలకు 100 రూబుళ్ళు అన్నాడు. చీచికవ్ 80 కపెకులు అన్నాడు. అప్పుడు సబకేవిచ్ సరుకును పొగడడం మొదలుపెట్టాడు. బళ్ళు చేసే మిహేయెవ్, స్ప్రింగుల బండి తప్ప ఇంకోటి చేసేవాడు కాదు. వడ్రంగి స్తెపాన్ ప్రోబ్క, ఎంత బలం వాడిది! చెప్పులు కుట్టే తెల్యాత్నికవ్, చుక్క ముట్టడు. అందరూ చచ్చినవాళ్ళే కదండీ అని చీచికవ్ గుర్తుచేశాడు. నిజమే, చచ్చారు, అయితే ఇప్పుడు బతికున్నామని చెప్పుకుంటున్నవాళ్ళు మాత్రం ఏపాటి, ఈగలు, మనుషులు కారు అన్నాడు సబకేవిచ్. రెండున్నర రూబుళ్ళ దగ్గర తెగింది. తర్వాత రిజిస్ట్రీ కచేరీలో, మిహేయెవ్ పోయాడని విన్నానే అని అధ్యక్షుడు అడిగితే, పోయింది వాడి తమ్ముడు, వాడు మునుపటి కంటే గట్టిగా ఉన్నాడని కన్నార్పకుండా చెప్పాడు. ఇది చాలదన్నట్టు జాబితాలో ఎలిజవేత అనే ఒక ఆడమనిషి పేరును, చివరి అక్షరం మార్చి మగవాడి పేరులా కనిపించేలా చొప్పించాడు. మోసగాడిని మోసగించాడు. ఆడవాళ్ళు లెక్కలోకి రారు కాబట్టి చచ్చిన ఆడదానికి చచ్చిన మగవాడి విలువ కూడా లేదు.

ప్లూష్కిన్ పిసినారి. వెయ్యికి పైగా ఆత్మలున్నా గింజలు పురుగు పట్టి కొట్లో కుళ్ళిపోతుంటాయి, తాను మాత్రం దారిలో దొరికిన పాత చెప్పు అట్టనూ మేకునూ ఏరుకొచ్చి గదిలో గుట్ట పోస్తాడు. మూడేళ్ళలో 120 మంది పోయారు, ఇంకా చాలామంది పారిపోయారు. పారిపోయినవాళ్ళను తలకు 32 కపెకుల చొప్పున 78 మందిని కొన్నాడు చీచికవ్. మొత్తం 24 రూబుళ్ళ 96 కపెకులు అని గోగోల్ పైసలతో సహా లెక్క తేల్చాడు. నేను కాగితం మీద గుణించి చూశాను, సరిగ్గా సరిపోయింది. 32 కపెకులకు కొన్న పేరు మీద 200 రూబుళ్ళ అప్పు పుడితే 625 రెట్లు. వాస్తవికత అంటే ఇల్లూ వాకిలీ వర్ణించడం అనుకుంటాం. ఈ నవలలో అది కూడికలూ గుణకారాల్లో ఉంది.

అయితే లెక్కలతోనే ఆగి ఉంటే ఇది మంచి వ్యంగ్య రచన అయ్యేది, ఇన్నాళ్ళు బతికేది కాదు. ఏడో అధ్యాయంలో ఒక పని జరుగుతుంది. గుమాస్తాలకు డబ్బివ్వడం ఇష్టంలేక చీచికవ్ దస్తావేజులు తానే రాసుకుంటాడు. అలా దాదాపు నాలుగు వందల పేర్లు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు, అతనికే తెలియని ఏదో భావం కమ్ముకుంది. ఒక్కో జాబితాకు ఒక్కో మొహం ఉన్నట్టు తోచింది. సబకేవిచ్ జాబితాలో ప్రతివాడి పనితనమూ గుణమూ రాసి ఉంది. కరోబొచ్క జాబితాలో ముద్దుపేర్లు, తిట్టుపేర్లు. ప్లూష్కిన్ పేర్లనూ తండ్రి పేర్లనూ కూడా పొదుపు చేసి మొదటి అక్షరాలతో సరిపెట్టాడు. ‘నాయనలారా, ఎంతమందిని కుక్కారు ఇక్కడ! బతికినన్నాళ్ళూ ఏం చేశారు?’ అని అతను వాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టాడు. ప్రోబ్క చర్చి గోపురం ఎక్కి జారిపడ్డాడేమో. తెల్యాత్నికవ్ సొంత కొట్టు పెట్టి కుళ్ళిన తోలు కొని దివాలా తీశాడేమో. పారిపోయిన ఫీరవ్ ఇప్పుడు వోల్గా ఒడ్డున పడవలు లాగుతూ పాడుతున్నాడేమో. కొన్నప్పుడు అంకెలు, రాసేటప్పుడు మనుషులయ్యారు.

ఇక్కడ మాట్లాడుతున్నది చీచికవా, గోగోలా అన్నది పాత తగాదా. ఇంత సున్నితత్వం ఆ దగాకోరుకు ఎక్కడిది అని అడిగినవాళ్ళు ఉన్నారు. ఆ అతుకు కనిపిస్తుందన్నది నిజమే. నాకు మాత్రం అది లోపంగా తోచలేదు. పేరు చేతితో రాయడం అనే పని ఎవరినైనా కొంచెం మార్చుతుంది. పెళ్ళి శుభలేఖల మీద పేర్లు రాస్తూ, పోయినవాళ్ళ పేరు దగ్గర కలం ఆగినవాళ్ళకు ఈ అధ్యాయం తెలుస్తుంది. ఆ మార్పు చీచికవ్‌లో ఎక్కువసేపు ఉండదు. గడియారం చూసుకుని, పన్నెండయిందని లేచి కచేరీకి పరుగెత్తుతాడు.

ఇందులో అసలు మృతజీవులు రైతులు కాదు, మనీలవ్, నొజ్‌ద్ర్యోవ్ లాంటి భూస్వాములే అని రచయిత హెర్జెన్ పుస్తకం వచ్చిన ఏడాదే తన డైరీలో రాసుకున్నాడు. బడి పాఠాలదాకా పాకిన వ్యాఖ్య అది. తప్పు కాదు, కానీ మరీ సులువు. అలా చదివితే కోపమంతా ఐదుగురు వింత మనుషుల మీద పోసేసి, జాబితాను వదిలేస్తాం. కరోబొచ్క స్థానంలో ఎంత మంచి మనిషి ఉన్నా 18 పేర్లు అలాగే ఉంటాయి, పన్ను అలాగే ఉంటుంది, 200 రూబుళ్ళూ అలాగే ఉంటాయి.

సెన్సారువాళ్ళు ఈ సంగతి విమర్శకుల కంటే ముందే పసిగట్టారు. మాస్కో సెన్సారు సంఘంలో అధ్యక్షస్థానంలో ఉన్న గొలొహ్వాస్తవ్ పేరు వినగానే, ఆత్మకు చావు లేదు, మృత ఆత్మ ఉండటానికి వీల్లేదు అని కేకలు వేశాడట. ఆత్మలంటే పన్ను లెక్కలోని ఆత్మలండీ అని చెప్పగా, అయితే అసలే వీల్లేదు, ఇది భూదాస్యానికి వ్యతిరేకం అన్నాడట. ఇంకొక సెన్సారు అధికారి బాధ వేరు. ఒక ఆత్మకు రెండున్నర రూబుళ్ళా, ఇది చదివితే విదేశీయుడెవడూ మన దేశానికి రాడు అన్నాడట. ఇదంతా గోగోల్ స్నేహితుడు ప్లెత్న్యోవ్‌కు రాసిన ఉత్తరంలో ఉంది. మనిషిని అమ్మడం వాళ్ళకు అభ్యంతరం కాలేదు, చౌకగా అమ్మడం అయింది. చివరికి పీటర్స్‌బర్గ్ సెన్సారు నికితెంకో అనుమతించాడు, అదీ ‘చీచికవ్ సాహసాలు’ అనే పేరు ముందు తగిలించి. గోగోల్ ముఖచిత్రం తానే గీశాడు. అందులో ఆ తగిలించిన పేరును సన్నగా రాసి, ‘మృతజీవులు’ను పెద్ద అక్షరాలతో రాసి, అన్నిటికంటే పెద్దగా ‘పొయెమా’, అంటే కావ్యం అని పెట్టాడు.

ఇంత చదివాక గోగోల్ భూదాస్యానికి శత్రువు అనుకుంటాం. కాదు. 1847లో అచ్చయిన ఉత్తరాల సంపుటిలో, భూస్వామి తన రైతులకు తండ్రిలా ఉండి ఎలా ఏలుకోవాలో ఉపదేశించాడు. అతన్ని నెత్తిన పెట్టుకున్న విమర్శకుడు బెలిన్‌స్కీ మండిపడి, కొరడాను సమర్థిస్తున్నావని ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని ఒక కూటమిలో పైకి చదివాడన్నది 1849లో దస్తయేవ్‌స్కీ మీద మోపిన నేరాల్లో ఒకటి. మరణశిక్ష వేసి, చివరి నిమిషంలో సైబీరియాకు మార్చారు. రచయిత ఒకటి నమ్మాడు, అతని పుస్తకం ఇంకొకటి చూపించింది. చీచికవ్‌ను మంచివాడిగా మార్చే రెండో భాగం రాయాలని గోగోల్ పదేళ్ళు తంటాలు పడ్డాడు. 1852 ఫిబ్రవరిలో, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, ఆ ప్రతిని పొయ్యిలో వేశాడు. మిగిలిన ముక్కలు చదివితే కారణం తెలుస్తుంది. మంచి భూస్వామి పాత్ర నీతులు చెబుతూ తిరుగుతుంటాడు, ఒక్క జాబితా కూడా అందులో ప్రాణం పోసుకోలేదు.

మొదటి భాగంలో చీచికవ్ పతనానికి పోలీసులు కారణం కాదు, ఎవరి అంతరాత్మా కారణం కాదు. నొజ్‌ద్ర్యోవ్ నాట్యసభలో అరిచినా అతని మాటను ఎవరూ నమ్మరు. ఊరిని కదిలించింది కరోబొచ్క. ఆ 15 రూబుళ్ళు తక్కువేమో అని మూడు రాత్రులు నిద్రపట్టక, పుచ్చకాయలా ఉబ్బిన పాత బండి కట్టించుకుని అర్ధరాత్రి పట్నంలో దిగింది. ఈ రోజుల్లో చచ్చిన ఆత్మల ధర ఎంత నడుస్తోంది అని వాకబు చేసింది. అంతే, పుకార్లు మొదలయ్యాయి. చీచికవ్ గవర్నరు కూతురిని ఎత్తుకుపోయే దొంగ అన్నారు, మారువేషంలో ఉన్న నెపోలియన్ అన్నారు. ఆలోచించి ఆలోచించి ఊరి ప్రాసిక్యూటర్ ఇంటికి వెళ్ళి కుప్పకూలి చనిపోయాడు. అతనికి నిజంగానే ఆత్మ ఒకటి ఉండేదనీ, వినయం కొద్దీ ఎన్నడూ బయటపెట్టలేదనీ జనానికి అప్పుడు తెలిసిందంటాడు గోగోల్.

చీచికవ్ జాబితాలను పెట్టెలో సర్దుకుని ఊరు విడిచి పారిపోతుంటే వీధిలో బండి ఆగిపోయింది. ఎదురుగా ప్రాసిక్యూటర్ శవయాత్ర. ఎవరైనా గుర్తుపడతారేమోనని తోలు తెరలు దించుకుని, లోపల నక్కి, ఊరేగింపు దాటేదాకా చూస్తూ కూర్చున్నాడు. శవం ఎదురొస్తే మంచి శకునమని మన పల్లెల్లో అంటారు. రష్యాలోనూ అంటారు కాబోలు. ఫరవాలేదు, చచ్చినవాడు ఎదురైతే అదృష్టమంటారు అని చీచికవ్ తనకు తాను ధైర్యం చెప్పుకున్నాడు.